అడవిని తరలించడం కుదరదు, మంత్రిగారూ

కేంద్ర పర్యావరణ, అడవులు, వాతావరణ మార్పుల శాఖ మంత్రి
శ్రీ భూపేందర్ యాదవ్ గారికి,



గ్రేట్ నికోబార్ దీవిలో కట్టబోయే ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్‌ల గురించి బయటికి వచ్చిన కాగితాలను నాకు అందినంతవరకూ చదివాను. వాటిలో ప్రతి నష్టానికీ ఒకటే మందు రాసి ఉంది. పగడాలు అడ్డొస్తే పెకలించి ఇంకో చోట అతికిస్తారు. తాబేళ్ళకు వేరే దీవి చూపిస్తారు. మెగాపోడ్ పక్షికి మరో దీవి. నరికిన అడవికి బదులు హర్యానాలో మొక్కలు. సునామీలో ఊళ్ళు పోగొట్టుకుని, తిరిగి అక్కడికే వెళ్తామంటున్న నికోబారీలకు వేరే చోట కాలనీలు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ దీవిలో ఉన్నవి ఇంకో చోటికి మోసుకెళ్ళడానికి వీలైనవి కావు. ఈ సంగతి మీరు ఒప్పుకుంటే మీ శాఖ ఇచ్చిన అనుమతిని మళ్ళీ చూడక తప్పదు.

నేను శ్రీకాకుళం జిల్లా తీరం మనిషిని. మా వైపు ఊళ్ళ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి చేపలవేటలోనో, కూలిపనిలోనో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారింది గానీ మా ఇళ్ళల్లో ఇంకా పాత పేరే. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. కాబట్టి ఆ దీవుల మంచిచెడ్డలు మాకు పరాయి విషయం కాదు. అక్కడికి బతకడానికి వెళ్ళినవాళ్ళం కాబట్టి, మాకంటే ముందు నుంచీ అక్కడ ఉన్నవాళ్ళ పట్ల మాకు బాధ్యత కూడా ఉంది.

ముందుగా ఆ అడవి గురించి. గ్రేట్ నికోబార్ విస్తీర్ణం దాదాపు 910 చదరపు కిలోమీటర్లు. దేశానికి దక్షిణపు కొస అయిన ఇందిరా పాయింట్ ఆ దీవిలోనే ఉంది. అక్కడి నుంచి ఇండోనేషియాలోని సుమత్రా రమారమి నూటయాభై కిలోమీటర్లు. అందుకే అక్కడి చెట్టూ పిట్టా మన పడమటి కనుమల వాటికంటే సుమత్రా, మలయా అడవుల వాటికి దగ్గరి చుట్టాలు. శాస్త్రవేత్తలు సుండాలాండ్ అని పిలిచే జీవసంపద ప్రాంతంలో భారతదేశానికి దక్కిన వాటా ఈ నికోబార్ దీవులు మాత్రమే. ఏడాదికి మూడువేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కొండల మీద నుంచి సముద్రం దాకా ఎక్కడా తెగకుండా అడవి. అందులో గలాతియా, అలెగ్జాండ్రా, డాగ్మార్ వంటి నదులు. ఇంత చిన్న దీవికి అన్ని నదులు ఉండటానికి కారణం ఆ వానా, దాన్ని పట్టి ఉంచే ఆ అడవీ. ఆకుల మీద పడి, ఆకుచెత్తలో ఇంకి, వేళ్ళ మధ్య నిలిచి మెల్లగా దిగే నీరది. చెట్లు కొట్టేస్తే ఆ వానే మట్టిని కోసుకుంటూ పోయి పగడాల మీద పోస్తుంది. అడవిని ఒక పద్దు కింద, సముద్రాన్ని ఇంకో పద్దు కింద రాసుకోవడం ఆఫీసు సౌకర్యం కోసమే. ఆ దీవిలో రెండూ ఒకటే.

అక్కడి పొడుగుతోక కోతి, చెట్టెక్కే ష్రూ, గ్రేట్ నికోబార్ పాముగద్ద నికోబార్ దీవులు దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. తాటిచెట్టులా నిలువుగా పెరిగే ఫెర్న్ మొక్కలు ఉన్నాయి. మన మొగలిపొద జాతికే చెందిన పెద్ద చెట్టు ఒకటి ఉంది. దాని కాయ ఆ దీవి ఆదివాసులైన షోంపెన్‌లకూ నికోబారీలకూ తిండి. మెగాపోడ్ అనే కోడంత పక్షి ఉంది. గుడ్ల మీద కూర్చుని పొదగదు. తీరం దగ్గర ఇసుక, మట్టి, ఆకులు పోగేసి దిబ్బ కడుతుంది. ఆకులు కుళ్ళేటప్పుడు పుట్టే వేడికి గుడ్లు పొదుగుతాయి. కట్టిన దిబ్బనే ఏళ్ళ తరబడి వాడుకుంటుంది. ఆ వేడి సరిపోవాలంటే ఆ ఇసుక, ఆ ఆకు, ఆ తేమ ఉండాలి. మెంచల్ దీవిని అభయారణ్యంగా ప్రకటించినంత మాత్రాన పక్షి సామాను సర్దుకుని వెళ్ళిపోదు కదా.

మీ శాఖే 1989లో ఈ దీవిని జీవావరణ కేంద్రంగా ప్రకటించింది. 2013లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. క్యాంప్‌బెల్ బే, గలాతియా అని రెండు జాతీయ పార్కులు ఉన్నాయి. ఇవన్నీ గుర్తు చేయడానికి కారణం ఉంది. ఈ అడవి విలువ ప్రభుత్వానికి తెలియదని ఎవరూ అనలేరు. తెలిసే చేస్తున్నారు. మాకు బాధ కలిగిస్తున్నది అదే.

ప్రాజెక్టుకు కావలసింది 166.10 చదరపు కిలోమీటర్లు. అందులో 130.75 చదరపు కిలోమీటర్లు అడవి, అంటే మొత్తం దీవిలో ఏడో వంతు. అటవీ భూమి మళ్లింపుకు మొదటి దశ అనుమతి 2022 అక్టోబర్ 27న, పర్యావరణ అనుమతి 2022 నవంబర్ 11న వచ్చాయి. అంచనా వ్యయం మొదట 72,000 కోట్లు అన్నారు, తర్వాత పెరిగింది. పర్యావరణ ప్రభావ నివేదికను తయారుచేసింది హైదరాబాద్ సంస్థ. ఆ నివేదికలోని లెక్క చూడండి: ఓడరేవుకు 7.66 చదరపు కిలోమీటర్లు, విమానాశ్రయానికి 8.45, విద్యుత్ కేంద్రానికి 0.39, టౌన్‌షిప్‌కు 149.60. దేశరక్షణ కోసం, మలక్కా జలసంధి మీద కన్నేసి ఉంచడం కోసం ఈ ప్రాజెక్టు అంటున్నారు. నేను దేశరక్షణను తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి కాదు. మా జిల్లాలో సైన్యంలో మనిషి లేని ఊరు అరుదు. కానీ క్యాంప్‌బెల్ బేలో నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ బాజ్ 2012 నుంచే పనిచేస్తోంది. దాన్ని పెంచాలంటే పెంచండి, రన్‌వే పొడిగించాలంటే పొడిగించండి. ఎవరూ అడ్డుపడరు. తీసుకునే భూమిలో పదింట తొమ్మిది వంతులు టౌన్‌షిప్‌కి పోతుంటే, దాన్ని సరిహద్దు కాపలా అని ఎలా అనగలం? 2011లో ఎనిమిదివేల చిల్లర జనం ఉన్న దీవికి మూడున్నర లక్షల మందిని రప్పించే పథకం అది. నగరం కట్టడం వేరు, కాపలా కాయడం వేరు.

వ్యాపారం సంగతి కూడా న్యాయంగానే మాట్లాడుకుందాం. మన దేశపు సరుకు పెద్ద ఓడల్లోకి మారడానికి కొలంబో, సింగపూర్, క్లాంగ్ రేవులకు వెళ్తున్న మాట నిజం. అలా చేతులు మారే సరుకులో దాదాపు నాలుగింట మూడు వంతులు విదేశీ రేవుల్లోనే మారుతోంది. ఆ డబ్బు మన దగ్గరే ఉండాలని కోరుకోవడంలో తప్పు లేదు. ఆ పని కోసమే కేరళలో విళింజం రేవు కట్టారు. 2025 మే నెలలో ప్రధానమంత్రి దాన్ని ప్రారంభించారు. సహజంగానే లోతున్న తీరం, వెనకాల రోడ్డూ రైలూ ఉన్న రాష్ట్రం. అది పూర్తిగా నిలదొక్కుకోకముందే, సొంత సరుకంటూ ఏమీ లేని దీవిలో, అడవి కొట్టి ఇంకో రేవు కట్టవలసిన తొందర ఏమిటో నాకు అర్థం కాలేదు.

చెట్ల లెక్క దగ్గర కాస్త ఆగుతాను. మొదట 8.5 లక్షల చెట్లు పోతాయన్నారు. తర్వాత పార్లమెంటులో 9.64 లక్షలన్నారు. ఆ తర్వాత, మళ్లించే అటవీ భూమి మొత్తంలో 18.65 లక్షల చెట్లున్నాయనీ, అందులో 49.86 చదరపు కిలోమీటర్లలోనే నరుకుతామనీ, 7.11 లక్షలు మించవనీ చెప్పారు. సరే, ఈ చివరి లెక్కనే తీసుకుందాం. 130.75 చదరపు కిలోమీటర్లంటే ముప్పైరెండు వేల ఎకరాల పైచిలుకు. 18.65 లక్షల చెట్లను ఆ ఎకరాలతో భాగిస్తే ఎకరానికి యాభైఎనిమిది వస్తాయి. నూజివీడులో మామిడి రైతు ముప్పైమూడు అడుగుల ఎడం పెట్టి నాటితే ఎకరానికి నలభై చెట్లు పడతాయి. మనిషి దూరని, ఎండ నేల తాకని వానడవిలో చెట్లు మామిడితోట కంటే కాస్త ఎక్కువంటే ఎవరైనా నమ్ముతారా? సాధారణంగా వానడవిలో జానెడు కూడా అడ్డం లేని చెట్ల నుంచి లెక్కపెడితే ఎకరానికి నూటయాభై నుంచి రెండువందల పైచిలుకు వస్తాయి. మీ లెక్కలో ఎంత లావు చెట్టును చెట్టుగా పరిగణించారో, ఎన్ని చోట్ల కొలిచారో ప్రజల ముందు పెట్టండి. స్వతంత్రంగా పనిచేసే వృక్షశాస్త్రవేత్తలను పంపి మళ్ళీ లెక్కించనివ్వండి. పోయేది ఎంతో తెలియకుండా, పోతే ఏమవుతుందో అంచనా వేయడం ఎవరికీ సాధ్యం కాదు.

పోయే అడవి అండమాన్ నికోబార్ మొత్తం అటవీ విస్తీర్ణంలో రెండు శాతం లోపేనని కూడా చెబుతున్నారు. ఆ శాతం ఎక్కడెక్కడి దీవులనో కలిపి తీసింది. ఉత్తర అండమాన్‌లో ఎంత అడవి మిగిలితే గ్రేట్ నికోబార్ పాముగద్దకు ఏం లాభం?

ఇక హర్యానా. నిబంధనలు దానికి ఒప్పుకుంటాయని నాకు తెలుసు. దీవుల్లో నాటడానికి ఖాళీ జాగా లేదు కాబట్టి రెండువేల కిలోమీటర్లకు పైగా దూరంలో, నీటికి కటకటలాడే మెట్టనేలలో నాటుతామంటున్నారు. ఆరావళి కొండల్లో చెట్లు పెంచవలసిందే. హర్యానా ప్రజలకు అది హక్కుగా రావాలి. ఇంకో అడవి ప్రాణానికి ఖరీదుగా రాకూడదు. ఆంధ్రాలో మాకు ఈ అనుభవం ఉంది. అడవి పోయిన చోట్ల జామాయిల్ నాటి, రికార్డుల్లో పచ్చదనం పెరిగిందని రాసుకున్నారు. జామాయిల్ తోటలో నడిచినవాళ్ళకు తెలుసు: అడుగున గడ్డి సరిగా మొలవదు, పిట్ట కూడా పెద్దగా వాలదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. పరిహారం వచ్చింది, మొక్కలూ వచ్చాయి. కానీ చేతికొచ్చిన చెట్టు పోతే, నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఆ ఇంటి పిల్లలు చదువు మానేసి వలస వెళ్ళారు. మనిషి నాటిన తోటకే అంత కాలం పడితే, ఎవరూ నాటని అడవి మాటేమిటి?

గలాతియా బే గురించి రాయకుండా ఉండలేను. మా తీరంలో కూడా తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఆలివ్ రిడ్లేలు. అటవీ శాఖవాళ్ళు, మత్స్యకార యువకులు రాత్రిళ్ళు తిరిగి గుడ్లు ఏరి హేచరీల్లో పెడతారు. పొదిగిన పిల్లలు సముద్రం మీద మెరిసే వెలుగు వైపు పరుగెడతాయి. ఒడ్డున లైట్లు ఉంటే దారి తప్పి ఊరి వైపు వచ్చి ఎండకు చస్తాయి. గలాతియాకు వచ్చేది లెదర్‌బ్యాక్, ప్రపంచంలోకెల్లా పెద్ద తాబేలు. అయిదువందల కిలోలకు పైగా కూడా తూగుతుంది, కిలోమీటరు లోతుకు మునుగుతుంది. లిటిల్ అండమాన్‌లో గుడ్లు పెట్టిన తాబేళ్ళకు శాస్త్రవేత్తలు ఉపగ్రహ పరికరాలు అమర్చి చూస్తే, కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా తీరం వైపు వెళ్ళాయి. సముద్రాలు దాటి పోయిన ఆ తల్లి, గుడ్ల కాలానికి మళ్ళీ తాను పుట్టిన తీరాలనే వెతుక్కుంటూ వస్తుంది. వెడల్పైన ఇసుక, అడ్డులేని ముఖద్వారం దానికి కావాలి. అక్కడ మీరు తాబేలు రాకను పట్టించుకున్నామంటూ, బ్రేక్‌వాటర్లు కట్టి, డ్రెడ్జింగ్ చేసి, రాత్రింబవళ్ళు ఓడలు నిలిపే రేవు కడతారు.

1997లో ఆ తాబేళ్ళ కోసమే గలాతియా బేను అభయారణ్యం చేశారు. 2021 జనవరిలో దాన్ని రద్దు చేశారు. అదే నెలలో మీ శాఖ జాతీయ సముద్ర తాబేళ్ళ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. దేశంలోని ముఖ్యమైన తాబేళ్ళ తీరాల్లో గలాతియా బే ఒకటని అందులో ఉంది. అప్పటికి మీరు ఆ శాఖకు రాలేదు. కానీ ఆ రెండు కాగితాలూ ఇప్పుడు మీ బల్ల మీదే ఉన్నాయి. పగడాల సంగతీ అంతే: ఆ ప్రాంతంలో లెక్కించిన 20,668 పగడాల సముదాయాల్లో 16,150 వేరే చోటికి మారుస్తామన్నారు. మార్చినవి ఎన్ని బతుకుతాయో ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు.

మీకు బాగా తెలిసిన చోటు నుంచే చెబుతాను. మీరు లోక్‌సభలో అల్వర్‌కు ప్రతినిధి. సరిస్కా పులుల అడవి అక్కడే ఉంది. ఇరవై ఏళ్ళ కిందట సరిస్కాలో ఒక్క పులి కూడా మిగలలేదు. 2008లో రణథంభోర్ నుంచి హెలికాప్టర్లో పులిని తెచ్చి వదిలారు. ఇప్పుడు అక్కడ పులులు పిల్లలను పెడుతున్నాయి. మన దేశ అటవీ శాఖలు గర్వపడవలసిన పని అది. కానీ అది జరగడానికి కారణం రణథంభోర్ ఉండటం. అడవి నిలబడే ఉంది, పులులు ఇంకో చోట మిగిలే ఉన్నాయి. గ్రేట్ నికోబార్ కోతిని, పాముగద్దను, ఆ వానడవిని ఎక్కడి నుంచి తెస్తారు? ఆ అడవికి రెండో దీవి లేదు.

ఇక మనుషులు. షోంపెన్‌లు 2011 జనగణనలో 229 మంది. ఒక చిన్న ఊరి వీధిలో ఉండే జనం కంటే తక్కువ. అడవిలో గుంపులుగా తిరుగుతూ, వేటాడుతూ, మొగలి జాతి కాయలు సేకరిస్తూ, కొద్దిగా మొక్కలు పెంచుకుంటూ బతుకుతారు. చాలామంది బయటి మనుషులకు దూరంగానే ఉంటారు. ఆ దూరం వాళ్ళు ఎంచుకున్నది. మన జలుబు, మన తట్టు వాళ్ళకు ప్రాణాంతకం కావచ్చు. ఇది ఊహ కాదు, అండమాన్ చరిత్ర. 1858లో బ్రిటిష్‌వాళ్ళు ఖైదీల స్థావరం పెట్టేనాటికి గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవాళ్ళు. తుపాకులు కొంత చంపాయి, తట్టు, సుఖరోగాలు మిగతా పని చేశాయి. 1961 జనగణన నాటికి 19 మంది మిగిలారు. అప్పటివాళ్ళు కూడా ఆ జనాన్ని చంపుదామనుకుని ఊళ్ళు కట్టలేదు. ఊళ్ళు కట్టడం వల్ల చచ్చారు. 2024 ఫిబ్రవరిలో జాతిహననం మీద పరిశోధన చేసే పండితులు వివిధ దేశాల నుంచి మన రాష్ట్రపతికి ఇదే భయం రాశారు. మూడున్నర లక్షల మంది మధ్య 229 మందిని కాపాడతామని కమిటీలు వేశారు. కమిటీ రోగాన్ని ఆపగలదా?

2015లో షోంపెన్ విధానం అని అండమాన్ పాలనా యంత్రాంగమే తెచ్చింది. దీవిలో పెద్ద ప్రాజెక్టులేవైనా తలపెడితే షోంపెన్‌ల సంక్షేమాన్ని, వాళ్ళ సమగ్రతను ముందు చూడాలని అందులో ఉంది. 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధన కింద వాళ్ళకు కేటాయించిన భూమిలో 84.10 చదరపు కిలోమీటర్లను ఇప్పుడు ఈ ప్రాజెక్టు కోసం ఆ కేటాయింపు నుంచి తప్పిస్తున్నారు. ముందు చూడటం అంటే ఇదేనా, మంత్రిగారూ?

నికోబారీల మాట కూడా వినండి. సునామీ ముందు వాళ్ళకు పడమటి, దక్షిణ తీరాల్లో ఊళ్ళుండేవి. కొబ్బరి తోటలు, పందులు, పూర్వీకుల సమాధులు అక్కడే. 2004 డిసెంబర్ 26న సముద్రం అవన్నీ మింగేస్తే, మిగిలినవాళ్ళను తూర్పు వైపు తెచ్చి ప్రభుత్వం కాలనీల్లో పెట్టింది. పాత ఊళ్ళకు తిరిగి పంపమని అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. 2022 ఆగస్టులో గిరిజన మండలి నిరభ్యంతర పత్రం ఇచ్చింది. నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. తమ పూర్వపు ఊళ్ళు ప్రాజెక్టు పరిధిలోకి వస్తాయని ముందు తమకు సరిగా చెప్పలేదన్నది వాళ్ళ ఫిర్యాదు. తెలియక చేసిన సంతకాన్ని సమ్మతి అని ఏ పంచాయితీ పెద్దా ఒప్పుకోడు.

ఈ విషయంలో తెలుగువాళ్ళం చూస్తూ ఊరుకోలేని కారణం ఇంకొకటి ఉంది. 1879లో రంప మన్యంలో కల్లు పన్ను మీద, మన్సబుదారు దోపిడీ మీద కొండవాళ్ళు తిరగబడ్డారు. పట్టుబడినవాళ్ళలో చాలామందిని అండమాన్‌కు ద్వీపాంతరం పంపారు. తమ అడవి తమదన్నందుకు మా మన్యం మనుషులు ఆ దీవుల్లో శిక్ష అనుభవించారు. ఇవాళ పోలవరం ముంపు ఊళ్ళ నుంచి వచ్చి కాలనీల్లో ఉన్న కోయలను, కొండరెడ్లను చూస్తే ఇంటి గోడలున్నాయి, కరెంటు ఉంది. వెదురు లేదు, పోడు లేదు, అడ్డాకులు ఏరడానికి చోటు లేదు, చింతచెట్టు లేదు. కూలి దొరికితేనే పూట గడుస్తుంది. అడవిలో బతికేవాడికి ఇల్లు కట్టిస్తే పునరావాసం అయిపోదని మేము కళ్ళారా చూశాం. ఆ తప్పును ఇంకో దీవిలో, అంతకంటే తక్కువమంది ఉన్న జనం మీద చేయకండి.

భూకంపాల గురించి పొడిగించను. అది భూకంపాల ముప్పు అత్యధికంగా ఉన్న జోన్. 2004 నాటి భూకంపంలో ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అక్కడి లైట్‌హౌస్ ఇప్పుడు నీళ్ళల్లో నిలబడి ఉంది. అలాంటి తీరంలో మూడున్నర లక్షల మందికి ఇళ్ళు కట్టేముందు ఆ కుంగుబాటు మళ్ళీ వస్తే ఏం చేస్తారో, ఎటు పరుగెత్తాలో, ఆ ప్రణాళికను ఇళ్ళు కొనుక్కోబోయేవాళ్ళకైనా చూపించాలి.

ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం మనకు కొత్తేం కాదు. మా సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేల ఉంది. ఎన్నో ఊళ్ళకు సాగునీరూ చేపలూ అందించే నేల. దాన్ని కాగితాల్లో ఎందుకూ పనికిరానిదిగా చూపి థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మా వాళ్ళు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకు మీ శాఖ ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. బీల ఇంకా ఉంది, వరి పండుతోంది. మాకు పొరుగునే ఉన్న ఒడిశాలో నియమగిరి కొండ తవ్వకాల విషయంలో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. పన్నెండు గ్రామసభలూ కొండను ఇచ్చేది లేదన్నాయి. మీ శాఖ ఆ మాటను గౌరవించింది. దేశం ఏమీ ఆగిపోలేదు. సోంపేటలో ప్రాణాలు పోయేదాకా రావడం ఇప్పటికీ మమ్మల్ని కలచివేస్తుంది. గ్రేట్ నికోబార్‌లో అంత దాకా వెళ్ళవలసిన పని లేదు. అక్కడ రోడ్డు మీదికి వచ్చి అడ్డుపడే జనం కూడా లేరు. షోంపెన్‌లు ధర్నా చేయరు, అర్జీ పెట్టరు. ప్రభుత్వంలో వాళ్ళ తరఫున మాట్లాడవలసిన కుర్చీల్లో మీది ఒకటి.

2023 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ అనుమతులను పునఃపరిశీలించడానికి ఉన్నతాధికార సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షులు మీ శాఖ కార్యదర్శే. అనుమతి ఇచ్చిన శాఖే ఆ అనుమతి సరైనదో కాదో తేల్చింది, ఆ నివేదికను ప్రజలకు చూపించలేదు. మొట్టమొదట దాన్ని బయటపెట్టండి. రక్షణ రహస్యాలున్న పేజీలుంటే ఆ పేజీలు తీసేయండి. తాబేళ్ళ సంఖ్యలో, చెట్ల లావులో, తీరం ఏ నియంత్రణ జోన్ కిందికి వస్తుందనే దానిలో సైనిక రహస్యం ఏమీ ఉండదు.

2006 అటవీ హక్కుల చట్టం కింద నికోబారీల, షోంపెన్‌ల హక్కులు ముందు తేల్చండి. నికోబారీల భాషలో ప్రాజెక్టు పటాలు, నివేదికలు వాళ్ళ చేతికి ఇచ్చి, చదువుకోవడానికి నెలలు సమయం ఇచ్చి, వాళ్ళ ఊళ్ళల్లో, వాళ్ళ పెద్దల అధ్యక్షతన అడగండి. వద్దంటే ఆ మాట నిలబెట్టండి. షోంపెన్‌లను అలా అడగడం కుదరదు. వాళ్ళ ఇష్టం తెలుసుకునే దారి లేనప్పుడు వాళ్ళ అడవిని ముట్టుకోకపోవడమే చట్టబద్ధమైన పని. ఇవి తేలేవరకూ ఇకపై ఒక్క చెట్టూ నరకవద్దని, గలాతియా బేలో ఒక్క రాయీ వేయవద్దని ఉత్తర్వు ఇవ్వండి. టౌన్‌షిప్‌ను ప్రాజెక్టు నుంచి తీసేయండి. నౌకాదళానికి ఎంత కావాలో ఆ లెక్క విడిగా వేయించండి. గలాతియాను మళ్ళీ అభయారణ్యంగా ప్రకటించండి.

ఈ ఉత్తరం నకళ్ళను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల లోక్‌సభ, రాజ్యసభ సభ్యులందరికీ పంపుతున్నాను. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో పార్టీలతో పని లేకుండా మీ శాఖను రెండు ప్రశ్నలు అడగమని వాళ్ళను కోరుతున్నాను. ఉన్నతాధికార సంఘం నివేదిక ఏ తేదీన సభ ముందు పెడతారు? ప్రాజెక్టు భూమిలో చెట్ల లెక్క ఎవరు, ఏ పద్ధతిలో, ఎన్ని ఎకరాల్లో తీశారు? మీ సమాధానం తెలుగులో అచ్చువేయించి మా తీరం ఊళ్ళన్నిటికీ, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న మా వాళ్ళకూ అందేలా చూసే పూచీ నాది.

భవదీయుడు,
శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి ఒక పౌరుడు